రచ్చబండకు పట్టాదారెవరు?



వనపర్తిలో సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతిలో ఉపన్యాసం అంటే, ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర మీదో, నడిపిన గోలకొండ పత్రిక మీదో మాట్లాడతానని అనుకుని వచ్చి ఉంటారు. ఆయన పుట్టింది గద్వాల వైపు, 1952లో శాసనసభకు ఎన్నుకున్నది మీ వనపర్తి. ఆయన గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకని నేను జీతం లేని ఒక నౌకరీ చరిత్ర చెబుదామని వచ్చాను. మొదలు మాత్రం ఆయనతోనే పెడతాను.

తెలంగాణలో కవులే లేరని ఎవరో తేలిగ్గా అన్న మాటకు జవాబుగా 1934లో ఆయన గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఊరూరి నుంచి వివరాలు, పద్యాలు తెప్పించడం, ఏది ఉంచాలో ఏది తీయాలో చూడడం, ఒకే కవి రెండు పేర్లతో వస్తే సరిచేయడం, అలిగిన వాళ్ళకు సమాధానం చెప్పడం ఎంత చాకిరీయో సంకలనం వేసినవాళ్ళకు తెలుస్తుంది. ఈ పనినే ఇవాళ ఇంటర్నెట్‌లో మోడరేటర్ పని అంటున్నారు. తేడా ఒక్కటే. ప్రతాపరెడ్డి గారు ఏరితే ఆయన పత్రికే అచ్చువేసింది. ఇప్పుడు ఏరేవాడు ఒకడు, అచ్చు యంత్రం ఇంకొకడిది. నేటి కథంతా ఆ సందులోనే ఉంది.

మన ఊళ్ళలో ఈ తికమక ఉండేది కాదు. గద్వాల సంస్థానంలో పండిత సభ జరిగితే సభ రాజుది, సన్మానం రాజుది. విద్వద్గద్వాల అని పేరొచ్చిందీ ఆ పోషణ వల్లనే. పండితుడికి నచ్చకపోతే ఇంకో సంస్థానం దారి పట్టేవాడు. రచ్చబండ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. దానికి పట్టా లేదు, శిస్తు లేదు. పెద్దమనిషి మాట చెల్లేది ఊరు విన్నంత కాలమే. మా తరం చేసిన పొరపాటు ఏమిటంటే, రాజుగారి హాలులో కూర్చుని దాన్ని రచ్చబండ అనుకోవడం.

తెలుగువాళ్ళు ఇంటర్నెట్ ఎక్కిన మొదట్లో అది నిజంగా రచ్చబండలాగే ఉండేది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు యూజ్‌నెట్ అనే చర్చావేదికల వలలో సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే చోట చేరేవాళ్ళు. తెర మీద తెలుగు లిపి లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్.టి.ఎస్. అంటే అదే. యూజ్‌నెట్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. పద్యాల మీద కొట్టుకున్నారు, ప్రాంతాల మీద తిట్టుకున్నారు. అయితే వీళ్ళను ఖాళీ చేయించండి అని చెప్పుకోవడానికి దొర లేడు.

దొర తర్వాత వచ్చాడు. అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ చాట్ గదులు నడిపేది. ఆ గదులను కాపలా కాయడానికి వేలమంది వాలంటీర్లు ఉండేవాళ్ళు. వాళ్ళకు వారానికి ఇన్ని గంటలని లెక్క ఉండేది, శిక్షణ, నివేదికలు కూడా ఉండేవి. బదులుగా ఇంటర్నెట్ ఖాతా ఉచితం. గంటకింత అని వసూలు చేసిన రోజుల్లో అది చిన్న ప్రతిఫలం కాదు. 1996 డిసెంబరులో కంపెనీ గంటల లెక్క తీసేసి నెలకు 19.95 డాలర్లు అనేసరికి వాలంటీర్ కూలీ ఒక్కరోజులో పడిపోయింది. పని మాత్రం తగ్గలేదు. 1999లో కొందరు న్యూయార్క్ కోర్టుకు వెళ్ళి, మేం చేసింది ఉద్యోగమే, కనీస వేతనం ఇమ్మన్నారు. 2005లో కంపెనీ ఆ పథకమే ఎత్తేసింది. కేసు కోటిన్నర డాలర్ల రాజీతో ముగిసేసరికి పదేళ్ళు దాటింది.

దీన్ని వెట్టి అనొచ్చా అని నన్ను ఒకరు అడిగారు. వద్దు. వెట్టిని ఎదిరించిన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశానికి 1930లో జోగిపేటలో అధ్యక్షత వహించిన మనిషి పేరిట జరిగే సభలో ఆ మాటను తేలిగ్గా వాడలేను. వెట్టివాడికి కాదనే వీలు లేదు, వాలంటీర్‌కు ఉంది. కానీ ఏఓఎల్ కేసు చూశాక, ఇష్టంగా మొదలైన పనికి గంటల లెక్క, పైనుంచి అజమాయిషీ చేరితే దాన్ని ఏమనాలో నాకింకా తేలలేదు.

మన దగ్గరకే వద్దాం. యాహూ గ్రూపుల్లో రచ్చబండ అనే పేరుతోనే ఒక తెలుగు సాహిత్య చర్చావేదిక ఏళ్ళ తరబడి నడిచింది. ఛందస్సు, శాసనాలు, పాత పుస్తకాల ఆచూకీ, అన్నీ అక్కడ నలిగాయి. యాహూ 2019 అక్టోబరులో పాత ఉత్తరాలన్నీ తీసేస్తున్నాం అని ప్రకటించింది. 2020 డిసెంబరు 15కు గ్రూపులే మూతపడ్డాయి. ప్రపంచమంతటా లక్షల గ్రూపులకు ఇదే గతి. ఇక్కడ కొట్లాట కూడా లేదు. నడిపినవాళ్ళను అడిగేదేమీ లేకుండా నోటీసు అంటించి తాళం వేశారు. నాకు కోర్టు కేసులకంటే ఇదే ఎక్కువ బాధ.

తెలుగు వికీపీడియాలో కూడా అందరూ కూడి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండే. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చేతుల మీదుగా మొదలైన ఆ పనిని ఇవాళ్టికీ జీతం లేని నిర్వాహకులే చూసుకుంటున్నారు. సర్వర్లు అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్‌వి. రాత మాత్రం ఎవరైనా కాపీ తీసుకుని ఇంకో చోట పెట్టుకునే లైసెన్సు కింద ఉంది. ఆ షరతు విలువ 2002లో స్పానిష్ వికీపీడియావాళ్ళు చూపించారు. ప్రకటనలు పెట్టవచ్చన్న మాట చెవిన పడగానే రచయితల్లో చాలామంది రాసినదంతా మోసుకుని వెళ్ళిపోయి వేరే విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. వికీపీడియాలో ఇప్పటికీ వాణిజ్య ప్రకటనలు లేవు. పాలమూరు వలస కూలీకి ఇట్లా వెళ్ళిపోవడం కొత్త సంగతి కాదు. మేస్త్రీ మాట తప్పితే గుంపంతా మూటాముల్లె సర్దుకుని ఇంకో పనికి పోతుంది.

సర్దుకుని పోవడానికి మూట లేనివాళ్ళ కథ రెడిట్‌ది. అది వేలాది చర్చావేదికల ఊరు, ఒక్కో వేదికకు వాలంటీర్ మోడరేటర్లు. 2015 జూలైలో వాళ్ళకు సాయంగా ఉన్న విక్టోరియా టేలర్ అనే ఉద్యోగినిని తీసేస్తే వందల వేదికలు తలుపులు మూశాయి. వారం రోజుల్లోనే సీఈఓ ఎలెన్ పావ్ రాజీనామా చేశారు. మోడరేటర్లు తమ బలం తెలుసుకున్నామనుకున్నారు. యజమానులు కూడా ఆ బలాన్ని గుర్తుపెట్టుకున్నారు.

2023లో బయటి యాప్‌ల మీద కంపెనీ రుసుము వేసింది. అపోలో అనే ఒక్క యాప్‌కే ఏడాదికి 2 కోట్ల డాలర్లు అవుతుందని దాన్ని తయారుచేసినతను లెక్క చెప్పాడు. చాలామంది మోడరేటర్లు పని చేసుకునేది ఇట్లాంటి యాప్‌లతోనే. చూపులేనివాళ్ళ వేదికకైతే అవే కళ్ళు. జూన్ 12న 8 వేలకు పైగా వేదికలు చీకటయ్యాయి. చూపులేనివాళ్ళ యాప్‌లు కొన్నింటికి మినహాయింపు దొరికింది, రుసుము మాత్రం కదల్లేదు. అప్పుడు కంపెనీ అధినేత స్టీవ్ హఫ్‌మన్ మోడరేటర్లను భూస్వాములతో పోల్చారు. ముందొచ్చి జాగా పట్టుకున్నారు, వారసత్వంగా పంచుకుంటున్నారు, జనం ఓటేసి దించే వీలుండాలి అన్నారు.

సంస్థానాధీశుల కోటలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్న ఊరు ఇది. దొర ఎవరో, దొర గడీ ఊడ్చేది ఎవరో మనకు చెప్పాల్సిన పని లేదు. హఫ్‌మన్ మాటలో నిజం అసలు లేదనను. కొందరు మోడరేటర్లు పదుల వేదికలు గుప్పిట్లో పెట్టుకున్నారు, నచ్చనివాళ్ళను గెంటేశారు. మా ఊరి వాట్సాప్ గ్రూపులో నేనే అడ్మిన్‌ని. పూల బొమ్మలతో శుభోదయాలు పెట్టొద్దన్నందుకు మేనమామ వరసాయన ఒకరు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆయన లెక్కలో నేను దొరనే. కానీ భూమి పట్టా చేతిలో పెట్టుకుని కాపలావాణ్ణి భూస్వామి అనడం వింత వాదన. ఊరికి ఓటు ఇస్తామన్నవాళ్ళు ఆ ఓటు తమ కుర్చీ దాకా రానివ్వలేదు. మూసిన వేదికలు తెరవని మోడరేటర్లను మారుస్తామన్నారు, కొందరిని మార్చారు. 2024 మార్చిలో కంపెనీ స్టాక్ మార్కెట్‌కు వెళ్ళినప్పుడు మోడరేటర్లకు వాటాలు కొనుక్కునే అవకాశం ఇచ్చారు, అదీ 34 డాలర్ల పూర్తి ధరకే. అదే ఏడు సెప్టెంబరు చివర్లో వేదికను మూసుకోవాలంటే కంపెనీ అనుమతి కావాలన్నారు. అంటే తలుపు తాళంచెవి కూడా తీసేసుకున్నారు.

మన పిల్లలు ప్రోగ్రామింగ్ సందేహాలకు తెరిచే స్టాక్ ఓవర్‌ఫ్లోలోనూ 2023 జూన్ నుంచి ఆగస్టు దాకా సమ్మె నడిచింది. కృత్రిమ మేధ రాసిన తప్పుడు జవాబులు తీసేయకుండా మోడరేటర్ల చేతులు కట్టేశారన్నది గొడవ. అక్కడ మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చారు.

ఇక మీ జేబులోని సంగతి. 2016 అక్టోబరు 11న వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరువేరు జిల్లాలయ్యాయి గానీ ఊళ్ళ గ్రూపులకు ఆ హద్దులు లేవు. పూణేలో పనిచేసే కొడుకు, ఇంటి దగ్గర తల్లి, హైదరాబాద్‌లో చదివే చెల్లె ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. ఆ యాప్‌ను 2014లో ఫేస్‌బుక్ 1900 కోట్ల డాలర్లకు కొన్నది. ఎవరైనా పుకారు పెడితే నిలదీసేది మాత్రం అడ్మిన్‌నే. 2017లో వారణాసి అధికారులు అడ్మిన్ల మీద కేసులు పెడతామని ఉత్తర్వే ఇచ్చారు. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు ఇంకోలా చెప్పాయి. అడ్మిన్ చేయగలిగింది చేర్చడం, తీయడం మాత్రమే, సభ్యుడు పెట్టినదానికి అతన్ని నేరస్థుణ్ణి చేయలేం అన్నాయి. ఎవరైనా దబాయిస్తే ఈ రెండు తీర్పులూ గుర్తుపెట్టుకోండి.

మోడరేటర్లు ఎప్పుడు గెలిచారని చూస్తే నాకు ఒక్కటే కనబడుతోంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలాంటి ఒప్పందాలు పక్కన పెడితే, రాసినదాన్ని వెంట తీసుకుపోగలిగినప్పుడే గెలిచారు. తలుపు మూసినవాళ్ళు ఓడారు, మూట కట్టుకున్నవాళ్ళు నిలిచారు. ప్రతాపరెడ్డి గారు కూడా 1951లో ప్రజావాణి అని మళ్ళీ కొత్తగా పత్రిక పెట్టారు. పేరు మారినా చేయి అదే.

అందుకని ఈ సభలో ఉన్న అడ్మిన్లకు ఒక మనవి. మీ గ్రూపులో ఊరి గుడి శాసనం ఫొటో ఉంటే, పన్నెండు మెట్ల కిన్నెర మీద ఎవరో ముసలాయన పాడిన పాట ఉంటే, చెరువు అలుగు పారిన వీడియో ఉంటే, ఫోను బయట ఇంకో కాపీ పెట్టండి. తెలుగు వికీపీడియాకు పనికొచ్చేవి అక్కడ చేర్చండి. మిగిలిన ఫొటోలు అచ్చుతీయించి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. ఎవరు తీశారో, ఏ ఏడు తీశారో వెనక రాయడం మాత్రం మరవకండి.