వలోనియా ఎందుకు ఆపగలిగింది?

విదేశీ ఒప్పందాలతో రాష్ట్రాలకి పనేమిటి, అది కేంద్రం చూసుకుంటుంది కదా అని మనలో చాలామంది అంటుంటారు. బెల్జియంలో ఆ మాట చెల్లదు.

యూరోపియన్ యూనియన్‌కీ కెనడాకీ మధ్య 2009లో మొదలైన వాణిజ్య చర్చలు ముగిసి, 2016 అక్టోబరు 27న సంతకాలు పెట్టాలనుకున్నారు. బెల్జియం కేంద్ర ప్రభుత్వం సరేనంది. కానీ ఆ దేశంలో వలోనియా అనే ప్రాంతం ఉంది. జనాభా సుమారు 36 లక్షలు, మన పాత ఉమ్మడి జిల్లా ఒకదానంత. దాని శాసనసభ 14న వద్దని తీర్మానించింది. అక్కడి ముఖ్యమంత్రి పాల్ మాన్యెట్ పట్టు విడవలేదు. 27 నాటి సమావేశం రద్దయింది! రైతుల గురించీ, కంపెనీలు ప్రభుత్వాల మీద వేసే దావాల గురించీ హామీలు రాయించుకున్నాకే 30న సంతకాలయ్యాయి.

ఇది మొండితనం కాదు, హక్కు. బెల్జియం రాజ్యాంగం ప్రకారం ప్రాంతాల పరిధిలోని విషయాలపై ఒప్పందానికి వాటి సమ్మతి కావాలి. రోజువారీ వ్యవహారాలకి 1994 ఒప్పందం ఉంది. యూరోపియన్ మంత్రుల కౌన్సిల్‌కి వెళ్ళేముందు కేంద్రం, ప్రాంతాలు కూర్చుని ఏకాభిప్రాయానికి రావాలి. రాకపోతే బెల్జియం ఓటు వెయ్యదు. సముద్రతీరం ఉన్నది ఫ్లాండర్స్‌కే కాబట్టి చేపల వేట చర్చల్లో దేశం మొత్తం తరఫున ఫ్లాండర్స్ మంత్రే కూర్చుంటారు. (ఇది నాకు భలే నచ్చింది.)

నష్టం లేదా? ఉంది. 2024 జూన్‌లో ప్రకృతి పునరుద్ధరణ చట్టానికి ఫ్లాండర్స్ ఒప్పుకోలేదు. అప్పుడు కౌన్సిల్ అధ్యక్షస్థానంలో ఉన్న బెల్జియమే ఓటింగుకి దూరంగా ఉండిపోయింది.

మనముంటున్న బ్రిటన్ సంగతి చూడండి. యూరప్ విషయాలపై స్కాట్లండ్, వేల్స్‌లతో మాట్లాడేందుకు ఉమ్మడి మంత్రుల కమిటీ ఉండేది. చివరిమాట మాత్రం లండన్‌దే. 2016లో స్కాట్లండ్ 62 శాతం యూనియన్‌లో ఉంటామన్నా ఏమీ ఆగలేదు. వాళ్ళ శాసనసభ సమ్మతి అడగడం ఆనవాయితీయే గానీ కోర్టు అమలుచేసేది కాదని 2017 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి మనం? వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. అయినా ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం మీద 1994లో సంతకం పెట్టింది ఢిల్లీ. ఒప్పందాల అమలుకి ఏ విషయంపైనైనా చట్టం చేసే అధికారం 253వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. 2025 జులైలో భారత్, బ్రిటన్‌ల వాణిజ్య ఒప్పందం సంతకమైంది. ఆంధ్ర రొయ్యల రైతుకి అందులో లాభమే కనిపిస్తోంది. కానీ రాష్ట్రం సమ్మతి చట్టరీత్యా ఎక్కడా అక్కర్లేదు. రేపు నష్టం చేసే ఒప్పందం వచ్చినా అంతే.

వీటో అడగమని నేననడం లేదు. రాష్ట్ర జాబితాని తాకే ఒప్పందమైతే సంతకానికి ముందే శాసనసభలో చర్చ జరగాలి. మన వేదిక తరఫున రెండు తెలుగు ప్రభుత్వాలకీ ఈ మాట రాద్దామని నా ప్రతిపాదన. మీ అభిప్రాయాలు చెప్పండి.