పశువుల మేతలో విటమినులు



పశువునకు కడుపు నిండిన చాలునని పలువురు తలంతురు. 1907లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు ఈ తలంపును పరీక్షించిరి. పదునారు పెయ్యలను నాలుగు గుంపులు చేసి, ఒకదానికి మక్కజొన్న పైరును, ఒకదానికి గోధుమను, ఒకదానికి ఓట్లను, నాల్గవదానికి మూటిని కలిపియు మేపిరి. మాంసకృత్తులును పిండిపదార్థములును అన్నిటను సమానముగానే యుండెను. అయినను మక్క తిన్నవి పుష్టిగల దూడలను ఈనెను. గోధుమ తిన్నవాని దూడలు చచ్చియో, బలహీనములై యో పుట్టెను. మేతలో తూకమునకు అందని పదార్థమేదియో కలదని తేలినది. అట్టివానికి 1912లో ఫంక్ అను పండితుడు విటమినులని పేరిడెను. తెలుగున ఖాద్యోజములనియు, జీవసత్త్వములనియు అందురు.

ఇవి రెండు తెగలు. క్రొవ్వున కరగునవి ఏ, డి, ఇ, కె; నీట కరగునవి బి వర్గమును, సి యును. నెమరువేయు పశువుల పెద్దకడుపులోని సూక్ష్మజీవులు బి వర్గమును, కె ను తయారుచేయును. సి పశువు శరీరముననే పుట్టును. కావున ఆరోగ్యముగల ఎద్దునకు, బర్రెకు వీనికై రైతు డబ్బు వ్యయింప పనిలేదు. పాలుత్రాగు దూడకు పాలే ఆధారము. కోళ్ల సంగతి వేరు: బి వర్గములోని రైబోఫ్లేవిన్ కొరవడిన కోడిపిల్లల కాలివ్రేళ్లు లోనికి ముడుచుకొనును. డి ఎండ తగిలిన చర్మమున పుట్టును. చీకటికొట్టమున పెరిగిన దూడకు ఎముకలు వంగవచ్చును.

చిన్నకోడూరు ప్రాంతమున ముఖ్యముగా చూడవలసినది ఏ. పచ్చిమేతలోని కెరోటీను నుండి పశువు దానిని చేసికొనును. చంద్లాపూరు కడ రంగనాయకసాగరమునకు 2020లో నీరు వచ్చినది. నీరు వచ్చినచోట వరి పెరుగును, వరితో గడ్డివాములు పెరుగును. వామి ఎంత యెత్తున్నను వరిగడ్డిలో కెరోటీను లేనట్లే. వానకాలపు పచ్చిక వలన ఏ కాలేయమున నిలువయై కొన్ని నెలలు కాచును; కనుకనే లోపము ఎండకాలపు చివర బయటపడును. మసకవేళ ఆవు గుంజను గ్రుద్దుకొన్నను, నీళ్లతొట్టిని తప్పిపోయినను, దిష్టి తీసి ఊరకుండక పశువైద్యుని పిలువవలెను. రేచీకటి అప్పుడు కుదురును. చూడియావునకు లోపము ముదిరిన గ్రుడ్డిదూడ పుట్టవచ్చును. కంటినరము నలిగి పోయిన చూపు ఏ మందునకును మరల రాదు.

అప్పుడే పుట్టిన దూడ కాలేయమున ఏ నిలువ మిక్కిలి స్వల్పము. దానిని నింపునవి ముర్రుపాలు. మావి పడువరకు దూడను పాలకు విడువరాదని కొందరు పట్టుపట్టుట పొరపాటు. ఈనిన గంటలోపల కుడుపవలెను. మొదటి దినమున దూడ బరువులో పదవవంతు పాలు దానికి చెందవలెను. జున్ను రుచిని కాదనువారెవరు? దూడ త్రాగగా మిగిలినదానితో వండుకొనవచ్చును.

బావికడ రెండు గుంటల నేలలో లూసర్ను గాని, పిల్లిపెసర గాని వేసికొని, పెద్దపశువునకు దినమునకు రెండుమూడు కిలోల పచ్చిమేత వరిగడ్డితో కలిపి వేసిన ఏ కొరత తీరును. గట్లమీద అవిసెచెట్లున్న ఆ ఆకును మేపవచ్చును. పచ్చి మక్కచొప్పను గాలి చొరకుండ పాతరవేసిన ఎండకాలమునకు నిలుచును. పచ్చిక నెండబెట్టునపుడు ఒక చిక్కు కలదు: ఎండ డి ని పెంచును గాని కెరోటీనును హరించును. కావున పచ్చికను పలుచగా పరచి త్వరగా ఆరబెట్టి, ఆకుపచ్చవన్నె యుండగనే నీడకు చేర్పవలెను. వన్నె తెల్లబారిన గడ్డి కడుపు నింపుటకే పనికివచ్చును.