ముద్ర వేయకండి, అడగండి

పట్టాలు అందుకున్న నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు అభినందనలు.

వానలు మొహం చాటేసిన ఏడు గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పల్లెల జనం మూటాముల్లె సర్దుకుని వలసపోతారని మీకు తెలుసు. ఊరుగాని ఊళ్లో ఎవరైనా కుర్రాడు మత్తుకు చిక్కితే, రేపు అతను మీ ఎదుటే కూర్చోవచ్చు. అతనికి హెచ్‌ఐవి ముప్పు ఎంతుందో ఎలా తేలుస్తారు? వేషం చూసి కాదు, అడిగి.

గంజాయి తాగినంత మాత్రాన హెచ్‌ఐవి రాదు. రక్తం అంటిన సూది పంచుకుంటే రావచ్చు, మత్తులో కండోమ్ మరిచినా రావచ్చు. 2017 జాతీయ అంచనాల్లో వయోజనుల్లో హెచ్‌ఐవి 0.22 శాతం, అదే ఏడాది సర్వేలో సూదితో మత్తు ఎక్కించుకునేవారిలో 6.26 శాతం. తేడా మనిషిలో లేదు, సూదిలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘అసిస్ట్’ ప్రశ్నావళిలో ఎనిమిది ప్రశ్నలున్నాయి. చివరిది సూది గురించే: ఎప్పుడైనా వాడారా, గత మూడు నెలల్లో వాడారా? అక్కడితో ఆగకండి. “అన్నా, ఆ సూది ఇంకెవరైనా వాడారా? మందు కరిగించిన నీళ్లు, దూది పంచుకున్నారా? చివరిసారి ఎప్పుడు?” అని అడగండి. ఆ తేదీ చాలా ముఖ్యం. 72 గంటలు దాటకపోతే నివారణ మందుల కోసం వెంటనే డాక్టరు దగ్గరకు పంపాలి. మూడు నెలలు నిండకపోతే, ఇవాళ నెగెటివ్ వచ్చినా మళ్లీ పరీక్ష చేయించాలి. హెపటైటిస్ బి, సి, క్షయ పరీక్షలూ మరవకండి.

ఫార్మసీ పట్టభద్రులకు ఒక మాట. చీటీ లేకుండా మత్తెక్కించే నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు అమ్మకండి. కానీ కొత్త సిరంజి అడిగిన కుర్రాణ్ని నలుగురిలో నిలదీస్తే, అతను పాత సూదికే పోతాడు.

2017 హెచ్‌ఐవి చట్టం ప్రకారం సమ్మతి లేనిదే పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. మన ఊళ్లలో కబురుకు కాళ్లెక్కువ. రోగి చెప్పింది మీ దగ్గరే ఆగాలి.

మీ మీద నమ్మకం ఉంటేనే అతను నిజం చెబుతాడు. సమాచారం కోసం 1097కు ఫోన్ చేయమనండి, పరీక్షా కేంద్రానికి మీరే దారి చూపండి. ఈ పట్టాతో మీరు చేయాల్సిన మొదటి పని అదే.