పెద్దపేగు క్యాన్సర్: మైనం బ్లాకులో దొరికే జవాబు

(గత శుక్రవారం క్యాంపులో మన ల్యాబ్ టెక్నీషియన్ అన్న చెప్పిన మాటలు. డ్యూటీ వల్ల రాలేనివాళ్ల కోసం పంపుతున్నాం.)



నేను డాక్టర్‌ను కాదు. ఆసుపత్రి ల్యాబులో పని. ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్క మా దగ్గరికి వస్తే, దాన్ని మైనంలో పెట్టి అగ్గిపెట్టె కంటే చిన్న బ్లాకు చేస్తాం. ఇవాళ ఆ బ్లాకు గురించే చెప్తా.

జగిత్యాల వైపు అన్న ఒకాయన, వయసు 41. మలంలో రక్తం పడుతుంటే ఎనిమిది నెలలు మొలలే అనుకున్నాడు. మనమంతా అంతే కదా, ఎండలో పని, నీళ్లు తక్కువ, కారం ఎక్కువ, ఇంకేముంటదిలే అనుకుంటం. చివరికి పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది. డిశ్చార్జి కాగితం ఒక్కటే పట్టుకొని ఇంటికి పోయాడు. హైదరాబాదులో డాక్టర్ మొదట అడిగింది, "బ్లాకు ఏది?" అని. ఆయనకు ఆ మాటే తెలియదు. ఇక్కడి నుంచి తెప్పించేసరికి ఐదు వారాలు పోయాయి.

డాక్టర్‌కు బ్లాకు ఎందుకు? పేరు ఒకటే గానీ, లోపల ఆ క్యాన్సర్ అందరిలో ఒకటి కాదు. గడ్డలో ఏ జీను చెడిందో ఆ ముక్క మీదే పరీక్ష చేస్తారు. ముఖ్యంగా జబ్బు వేరే చోటికి పాకినప్పుడు ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో దాన్ని బట్టి చూస్తారు.

ఊళ్లో బోరు మోటారు గుర్తు తెచ్చుకోండి. స్టార్టర్ లోపల కాంటాక్టులు అతుక్కుపోతే బయట స్టాప్ బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. క్యాన్సర్ కణం పైన కూడా "పెరుగు" అని చెప్పే బటన్ ఉంటుంది. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే ఇంజెక్షన్లు ఆ బటన్‌ను మూసేస్తాయి. కానీ లోపల కేరాస్, ఎన్‌రాస్ అనే జీన్లలో ఒకటి చెడి ఆన్‌లోనే అతుక్కుపోతే, బయట మూసి లాభం లేదు. పాకిన పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు సగం ఇలాంటివే. అంటే పరీక్ష చేయకుండా ఆ ఇంజెక్షన్ మొదలుపెడితే, పొలం అమ్మిన డబ్బు పనిచేయని మందుకు పోవచ్చు. బీరాఫ్ అని ఇంకో జీను ఉంది, అది చెడితే దారి వేరు, దానికి వేరే మాత్రలు జత చేస్తారు.

ఒక మాట. ఈ రాస్ మార్పు గడ్డలో పుట్టింది, పిల్లలకు రాదు. "జీను" అనగానే వంశానికి తగులుతుందని భయపడకండి.

వంశంలో వచ్చేది వేరే ఉంది. కణం రెండుగా అయ్యేటప్పుడు లోపలి రాతను నకలు చేసుకుంటుంది. తప్పులు పడితే దిద్దే మేస్త్రీల్లాంటి జీన్లు నాలుగు ఉన్నాయి. అవి పనిచేయకపోతే తప్పులు గుట్టలు పడతాయి. రిపోర్టులో దీన్ని ఎంఎంఆర్ లోపం అనో, ఎంఎస్ఐ హై అనో రాస్తారు. పాకిన క్యాన్సర్లలో నూటికి ఐదుగురిలోనే కనబడుతుంది. వీళ్లకు మామూలు కీమో కంటే ముందే పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ ఇవ్వొచ్చని 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. తప్పులు అన్ని ఉన్న కణాన్ని మన ఒంటి కాపలా కణాలు తేలిగ్గా గుర్తుపడతాయి, ఆ మందు వాటి కట్లు విప్పుతుంది.

మన జగిత్యాల అన్న రిపోర్టులో ఇదే వచ్చింది. సంఘం చందా కొంత, తమ్ముడు చేసిన అప్పు కొంత పెట్టి మందు మొదలుపెట్టారు. కాలేయంలో గడ్డలు తగ్గాయి. అందరికీ ఇలా తగ్గుతుందని నేను చెప్పను. మందు ఖరీదు కూడా చాలా ఎక్కువ. ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అప్పుడు డాక్టర్ ఇంట్లోవాళ్ల గురించి అడిగాడు. నాన్న 46 ఏళ్లకు "కడుపు జబ్బుతో" పోయాడట, మేనత్త గర్భసంచి క్యాన్సర్‌తో పోయిందట. 1895లో అమెరికాలో బట్టలు కుట్టే ఒకామె వార్థిన్ అనే డాక్టర్‌తో, మా ఇంట్లో అందరూ ఇలాగే పోతారు, నేనూ అలాగే పోతానంది. అలాగే పోయింది కూడా. ఆమెకు తెలిసిన ఆ సంగతినే ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. గడ్డలో ఎంఎంఆర్ లోపం ఉన్నంత మాత్రాన వంశానిదే అని కాదు, రక్తపరీక్షతో తేలుతుంది. ఉంటే ఒక్కో బిడ్డకు రావడానికి సగం అవకాశం. ఉన్నవాళ్లు పాతికేళ్ల వయసు నుంచే ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటే, క్యాన్సర్ కాకముందే బుడిపెలు తీసేయొచ్చు.

ఇంకోటి. కీమోలో వాడే 5-ఎఫ్‌యూ ఇంజెక్షన్‌ను, కేపెసిటాబిన్ మాత్రను విరగ్గొట్టే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు మామూలు మోతాదే విషం అవుతుంది. డీపీవైడీ పరీక్ష చేయించాలా అని డాక్టర్‌ను అడగండి. మందు మొదలైన కొత్తలో విరేచనాలు ఆగకపోయినా, నోరంతా పూసినా, జ్వరం వచ్చినా తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఫోన్ చేయండి.

ఇక్కడి నుంచి ఇంటికి పోయేవాళ్లు బ్లాకు, స్లైడ్లు, పాథాలజీ రిపోర్టు మూడూ రాతపూర్వకంగా అడగండి. లగేజీలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. ఎండలో ఉన్న కారులో మాత్రం వదలొద్దు, మైనం కరుగుతుంది.

ఆ అన్న తమ్ముడు ఇక్కడే షట్టరింగ్ పనిలో ఉన్నాడు. అన్న రక్తపరీక్షలో లించ్ అని తేలాక, మొన్న సెలవులో తనూ రక్తం ఇచ్చి వచ్చాడు. రిపోర్టు ఇంకా రాలేదు.