రెండు యంత్రములు, ఒక కరారునామా



పూర్వము ప్రొద్దుటూరి బజారులో బేరము కుదురుటకు ముందు "ఏ పుట్టి?" యని యడిగెడివారు. పుట్టి యనిన నొక్కొక్క సీమలో నొక్కొక్క కొలత. అడుగనివాడు నష్టపోయెడివాడు. నేడు కంప్యూటరులు మనకు మాఱుగా బేరములు నడపుచున్నవి. ఆ ప్రశ్న వాని కెవరు నేర్పవలెనో విన్నవించెదను.

ఒక యూరి కంప్యూటరు మఱొక యూరి కంప్యూటరును అంతర్జాలముద్వారా అడిగి పని చేయించుకొను నేర్పాటును వెబ్ సర్వీసు అందురు. వానిలో నొకటి జావా భాషలోను, రెండవది సీ షార్పు భాషలోను వ్రాయబడియుండవచ్చును. పరస్పరము తెలిసికొనుటకై 1998లో ఎక్స్.ఎమ్.ఎల్. అను వ్రాతమర్యాదయు, పిమ్మట సోప్ అను నుత్తరమర్యాదయు, డబ్ల్యు.ఎస్.డి.ఎల్. అను కరారుపత్రమును ఏర్పడినవి. ఎవరికి తోచినట్లు వారు పాటింపసాగగా 2002లో పెద్ద కంపెనీలు సంఘముగా కూడి ఉమ్మడి నియమములు వ్రాసికొనినవి.

పులివెందులలో ఇంజనీరింగు చదివిన కుఱ్ఱవాడొకడు, నా పూర్వశిష్యుని కుమారుడు, తన యింటి మేడమీద రెండు కంప్యూటరులను ప్రక్కప్రక్కనే యుంచెను. ఒకటి జమ్మలమడుగు కాటాయట. రెండవది ప్రొద్దుటూరి మండీలెక్కయట. మొదటిదానిలో జావా పనిముట్లను, సర్వరును అమర్చెను. 2018లో వచ్చిన పదునొకండవ జావానుండి సోప్ పనిముట్లు దానితో కలిసి రావు గనుక వానిని వేఱుగ తెచ్చుకొనెను. రెండవదానిలో విజువల్ స్టూడియో నుంచెను. కరారుపత్రమును ముందు వ్రాసి, దానినుండియే యిరుప్రక్కల కార్యక్రమముల చట్టములను పుట్టించెను. గడియారములనుగూడ సరిచూచెను. ఏమనగా, భద్రతకై ఉత్తరముమీద కాలముద్ర యుండును. ఐదు నిమిషములు మించి తేడా యున్నచో పెక్కు ఏర్పాట్లు దానిని త్రోసివేయును. ముహూర్తమున కింత పట్టుదల మన పురోహితులకును లేదు.

పిమ్మట కాటాయంత్రము "శనగలు, 24" అని పంపెను. మండీయంత్రము లెక్కగట్టి సొమ్ము చెప్పెను. తప్పేదియు చూపలేదు. కుఱ్ఱవాడు సంతోషించెను. ఆ సొమ్ము చూడగా నాకు గుండె ఝల్లుమనెను. పంపినది 24 క్వింటాళ్ళు; రెండవది 24 కిలోలనుకొనెను! నిజముగా రైతే యుండియుండిన, ఏడాది కష్టమునకు నూఱవవంతు చేతికి వచ్చెడిది. కరారు తెఱచి చూడగా "తూకము: సంఖ్య" అని మాత్రమే యున్నది. అక్షరమును పోల్చుకొనుట యంత్రమునకు తెలియును. అర్థమును మనమే వ్రాసి యియ్యవలెను. అమెరికావారు అంగారకునికి పంపిన యొక నౌక 1999లో, ఒక పక్షమువారు పౌనులలోను మఱొక పక్షమువారు న్యూటనులలోను లెక్కించుటచేత నశించినది. పండితులకే యట్లయినపుడు మన కుఱ్ఱవాని నేమనగలము? పైగా వాని పొరపాటు మేడమీదనే బయటపడినది. రైతు సొమ్ము కదలకముందే ఇట్టి పరీక్షాస్థలము నేర్పఱుచుకొనుట అందులకే.

కరారులో "తూకము, కిలోలలో" అని దిద్దించితిని. ఆ ప్రతిని కాటా వేయువానికి చదివి వినిపించి రమ్మంటిని. అతడు సాంతము విని, "గోనెసంచి బరువు తీసివేసియా, కలిపియా?" యని యడిగెనట. కుఱ్ఱవాడు మరల మేడ యెక్కినాడు.