హైఫన్ హెచ్ అంటే హెల్పేనా?

జాబ్‌లో చేరిన కొత్తలో లినక్స్ సర్వర్‌లో హెల్ప్ చూద్దామని "షట్‌డౌన్ హైఫన్ హెచ్" కొట్టాను. హెల్ప్ రాలేదు. ఒక్క నిమిషంలో సర్వర్ ఆఫ్ అయిపోతుందని మెసేజ్ వచ్చింది! చెమటలు పట్టేశాయి. పక్క సీట్లో సీనియర్ అన్న "హైఫన్ సి కొట్టరా!" అని అరిచాడు కాబట్టి క్యాన్సిల్ అయింది.

అదే హైఫన్ హెచ్, డీఎఫ్‌లో డిస్క్ సైజులు మనకు సులువుగా అర్థమయ్యే యూనిట్లలో చూపిస్తుంది. గ్రెప్‌లో ఫైల్ పేరు దాచేస్తుంది. ఒక్కో టూల్‌ది ఒక్కో దారి.

అందుకే మా టీమ్ టూల్ రాసేటప్పుడు గట్టిగా పట్టుబట్టాను. ఏ సబ్‌కమాండ్‌కైనా హైఫన్ హెచ్ కొడితే హెల్పే రావాలి, ఇంకేమీ జరగకూడదు. పైన రెండు ఉదాహరణలు, ఆప్షన్ల లిస్టు తర్వాతే. డిలీట్ ఉదాహరణైతే డ్రై రన్‌తోనే ఇవ్వాలి. ఎందుకంటే ఎవరూ చదవరు, కాపీ కొట్టేస్తారు (నేనూ అంతే).

మీరూ ఇప్పుడే డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి చూడండి. షట్‌డౌన్ మాత్రం వద్దు బాబోయ్!