అంజూరము: నాటుటకు ముందు విచారింపదగిన సంగతులు



మేడిచెట్టు నెఱుగనివారు మీలో లేరు. వాగుల యొడ్డున పెరుగు ఆ మేడికి అంజూరము దాయాది. మేడికాయను చీల్చినచో లోపల పురుగులు కనబడును. అది కుళ్లు కాదు. మనము కాయ యనునది నిజమునకు పూలగుత్తి. పూలన్నియు లోపలివైపునకు తిరిగియుండును. సన్నని యీగ యొకటి కొననున్న రంధ్రమున దూరి పూలకు పుప్పొడి నందించును.

అంజూరములోని స్మిర్నా జాతికిని ఇట్టి యీగ లేనిదే పంట లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు 1880 తరువాత ఆ జాతిని నాటగా కాయలు పండక రాలిపోయెను. 1899లో ఈగను తెచ్చి నిలిపిన పిమ్మటనే పంట చేతికి వచ్చెను.

మనకు తగినది పూనా జాతి. దీనికి ఈగతో పనిలేదు. ఇట్లు తమంతట పండు జాతులు క్రొత్తవి కావు. యోర్దాను లోయలో దొరకిన అట్టి పండ్లు సుమారు 11,400 ఏండ్ల నాటివని 2006లో పండితులు ప్రకటించిరి. కావున పేరు విని మొక్కలు కొనక, బాగుగా కాచుచున్న తోటను చూచి ఆ చెట్ల ముదురు కొమ్మలనే తెచ్చి నాటుడు. 16 అడుగుల యెడమున ఎకరమునకు సుమారు 170 మొక్కలు పట్టును.

అంజూరమునకు పొడిగాలి, నీరు నిలువని నేల కావలెను. అనంతపురము సీమలో ఇది సాగగుచున్నది. మన సీమలో పలమనేరు మిట్టలు శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతములకన్న అనుకూలములు. ఆశ్వయుజ, కార్తిక మాసముల వానలలో ఆకులకు త్రుప్పు తెగులు తగులును, పండ్లు పగిలి పులియును. కావున వేసవియందు పండునట్లు కొమ్మలు కత్తిరింపవలెను. పూనా రైతులును వేసవి పంటనే తీపి పంట యందురు. టమాటా వేసిన నేలలో వేళ్లకు బుడిపెలు కలిగించు నులిపురుగు లుండవచ్చును. అట్టిచోట మేడి మొక్కపై అంటు కట్టుట మేలు.

ఎండు అంజూరము నూరు గ్రాములలో సుమారు 10 గ్రాముల పీచును, 160 మిల్లీగ్రాముల సున్నపు ధాతువును గలవు. మలబద్ధమునకు మంచిది. అయితే అందు దాదాపు సగము చక్కెరయే గాన మధుమేహము గలవారు మితముగా తినవలెను.

కోసిన పచ్చికాయ పిదప పండదు. పండు ఒకటి రెండు దినములకన్న నిలువదు. కొనువారిని ముందు కుదుర్చుకొని, మొదట అర ఎకరమున మాత్రమే నాటుడు. జాతి, ఋతువు, గిరాకి యను మూడింటిని విచారించిన రైతునకు ధననష్టము తప్పును.